దురద దగ్గర మొదలైన ప్రమాదం: ఒక ఫంక్షన్ హాల్ సౌండ్ ఇన్సులేషన్ పని

హైదరాబాద్ శివార్లలో ఓ ఫంక్షన్ హాలు. కట్టినప్పుడు చుట్టూ పొలాలే. ఇప్పుడు ప్రహరీకి ఆనుకునే మూడు అపార్ట్‌మెంట్లు లేచాయి. పెళ్లి అంటే డీజే తప్పదు. డీజే అంటే పక్కవాళ్లు 100కి ఫోన్ చేయకా తప్పదు. సంగీత్ మధ్యలో పోలీసులు వచ్చి మైకు ఆపించడం, పెళ్లివారు ఓనర్ గారి మీద విరుచుకుపడటం మామూలైపోయింది. చివరికి ఆయన మమ్మల్ని పిలిచి, "లోపలి చప్పుడు లోపలే ఉండాలి. ఎంతవుతుందో చెప్పండి" అన్నారు.

జ్యేష్ఠంలో ఆఖరి ముహూర్తం అయిన మర్నాడు తాళాలు మా చేతికిచ్చి, శ్రావణంలో మొదటి పెళ్లికి తిరిగి తీసుకుంటానన్నారు. అంటే మాకున్నది ఆషాఢం ఒక్కటే. ముహూర్తాలు లేని నెల మాకు దొరికింది గానీ, వానలు కూడా ఆ నెలలోనే. నేను పదహారేళ్లుగా ఈ అకౌస్టిక్ పనుల్లోనే ఉన్నాను. ఇలాంటి హాళ్లు చాలానే చేశాను. ఈ ఒక్కదాని గురించి వివరంగా రాయడానికి కారణం పనిలో తొమ్మిదో రోజు జరిగిన ఒక సంఘటన. మనిషి దక్కాడు. ఎందుకు పడబోయాడో తెలుసుకోవడానికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది.

పని ఏమిటి

హాలు 110 అడుగుల పొడవు, 64 అడుగుల వెడల్పు. పైకప్పును మోసే ఇనుప ట్రస్సులు (త్రికోణాల ఫ్రేములు), వాటి మీద కలర్ కోటెడ్ రేకు. ట్రస్సు అడుగు భాగం నేల నుంచి 21 అడుగుల ఎత్తులో ఉంది. వెనక డైనింగ్ షెడ్డు మాత్రం పాతది, దాని మీద సిమెంట్ రేకులు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. ప్రైవేటు స్థలంలో సౌండ్ సిస్టమ్ పెట్టుకుంటే, ఆ స్థలం సరిహద్దు దగ్గర ఇంకో 5 వరకు వెసులుబాటు ఉంది. డీజే వాడిని మామూలుగా వాయించమని, ప్రహరీ దగ్గర మీటరు పెట్టి చూస్తే 76 వచ్చింది. డెసిబెల్ లెక్క మామూలు కూడికలా నడవదు. పది తగ్గితే చెవికి చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది. కాబట్టి 76 నుంచి 60కి తేవడం చిన్న పనేమీ కాదు.

మాకంటే ముందు వచ్చిన ఒకాయన గుడ్ల ట్రేలా ఎగుడుదిగుడుగా ఉండే ఫోమ్ షీట్లు గోడల నిండా గమ్‌తో అంటించి ఇస్తానని, మా రేటులో మూడో వంతుకే కొటేషన్ ఇచ్చాడట. ఓనర్ గారు ఆ కాగితం నా ముందు పెట్టారు. ఫోమ్ గది లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది తప్ప, బేస్ చప్పుడు గోడ దాటిపోకుండా ఆపలేదు. ఆపాలంటే బరువు కావాలి, మధ్యలో ఖాళీ కావాలి, ఆ ఖాళీలో ఊలు కావాలి. ఆయనకు అంతకంటే ముఖ్యంగా చెప్పింది మంట సంగతి. 2003 ఫిబ్రవరిలో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో స్టేషన్ అనే నైట్‌క్లబ్బులో వేదిక మీద కాల్చిన బాణసంచా రవ్వలు గోడకున్న ఇలాంటి ఫోమ్‌కే అంటుకున్నాయి. వంద మంది చనిపోయారు. 2013 జనవరిలో బ్రెజిల్‌లో కిస్ అనే క్లబ్బులో ఇదే కథ. అక్కడ 242 మంది. మన పెళ్లిళ్లలో వధూవరులు నడిచొస్తుంటే రెండు పక్కలా వెలిగించే కోల్డ్ పైరో పేరుకే చల్లనిది. అందులో ఎగిరేవి మండుతున్న లోహపు రవ్వలే. "మీ హాల్లో పైరో లేకుండా పెళ్లి జరుగుతుందా?" అని అడిగాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

కాబట్టి రాక్‌వుల్, అంటే రాయిని కరిగించి తీసిన పోగుల ఊలు. గోడలకు జీఐ (జింకు పూత ఇనుము) ఫ్రేము కట్టి, మధ్యలో 50 మి.మీ. మందం, ఘనపు మీటరుకు 64 కిలోల సాంద్రత ఉన్న స్లాబులు పెట్టి, పైన రెండు పొరల జిప్సం బోర్డు. ఆ పైన బట్ట చుట్టిన ప్యానెళ్లు. సీలింగుకూ అదే పద్ధతి అనుకున్నాం. లెక్క వేస్తే చెమటలు పట్టాయి. ఊలు చదరపు మీటరుకు మూడు కిలోల పైన, 12.5 మి.మీ. బోర్డు ఒక్కో పొర దాదాపు తొమ్మిది కిలోలు, ఫ్రేము ఇంకో మూడు. 650 చదరపు మీటర్లకు మొత్తం 16 టన్నులు. ఆ ట్రస్సులు రేకు బరువు, గాలి ఒత్తిడి చూసుకుని వేసినవి. వాటికి ఇంత బరువు వేలాడదీస్తారని వేసినవాడు కలగని ఉండడు. స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాం. ఆయన ఒక్క పొర బోర్డుకే ఒప్పుకున్నారు. అది కూడా పర్లిన్ల (రేకు కింద అడ్డంగా ఉండే ఇనుప కమ్ముల) నుంచి వేలాడదీయకూడదని, ట్రస్సు జాయింట్ల దగ్గరే పట్టు తీసుకోవాలని షరతు పెట్టారు. బరువు పది టన్నుల లోపుకు వచ్చింది. ఫాల్‌సీలింగ్ పనిలో ఈ లెక్క వేయించేవాళ్లు తక్కువ. "ఊలే కదా, దూదిలా ఉంటుంది" అంటారు.

తొమ్మిదో రోజు

పనివాళ్లు పద్నాలుగు మంది. ఫ్రేము, బోర్డు కట్టేది బీహార్ నుంచి వచ్చిన జట్టు. ఊలు పెట్టేది శ్రీకాకుళం కుర్రాళ్లు ఐదుగురు. మేస్త్రీ మా దగ్గర ఎనిమిదేళ్లుగా ఉన్నాడు. హెల్మెట్, హార్నెస్ (ఒంటికి బిగించుకునే రక్షణ పట్టీలు), ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, గ్లవ్స్ అందరికీ ఇచ్చాం. హార్నెస్ హుక్కు తగిలించుకోవడానికి పైన ట్రస్సుల మధ్య వైరు రోప్ లైఫ్‌లైన్ లాగాం. చక్రాల స్కాఫోల్డింగులు (తోసుకెళ్లే పరంజాలు) రెండు తెచ్చాం. వాటికి నాలుగు వైపులా రెయిలింగు, చక్రాలకు బ్రేకు, పక్కకాళ్లు అన్నీ ఉన్నాయి. రోజూ ఉదయం పది నిమిషాలు అందరినీ నిలబెట్టి తెలుగులో, హిందీలో చెప్పేవాళ్లం. చెక్‌లిస్టు తీసి చూస్తే ఒక్క తప్పూ దొరకదు.

మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. బయట ముసురు, లోపల ఉక్కపోత. పదహారు అడుగుల ప్లాట్‌ఫారం మీద మేస్త్రీ, ఒక ఇరవై రెండేళ్ల కుర్రాడు ఉన్నారు. కింద తోయడానికి ఒక హెల్పరు. సీలింగ్ ఫ్రేము అప్పటికే కట్టేసి ఉంది. సెక్షన్లు (ఫ్రేములోని ఇనుప పట్టీలు) 457 మి.మీ.కి ఒకటి. స్లాబు వెడల్పు 600. దాన్ని నిలువుగా తిప్పి, సందులోంచి పైకి దూర్చి, అక్కడ పడుకోబెట్టాలి. హ్యాంగర్ రాడ్డు అడ్డొచ్చిన చోటల్లా తలపైనే రంపపు బ్లేడుతో కోయాలి. కోసిన పొడి అంతా నేరుగా ముఖం మీదకి, కాలరు సందులోంచి మెడలోకి.

కుర్రాడు హుక్కు తీశాడు. హార్నెస్ భుజం పట్టీ వదులు చేసి, షర్టు కాలరు దులుపుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడే స్కాఫోల్డింగు కదిలింది. కుర్రాడి నడుము రెయిలింగుకు కొట్టుకుని, పైభాగమంతా అవతలికి వంగిపోయింది. మేస్త్రీ స్లాబు వదిలేసి వాడి ప్యాంటు బెల్టు పట్టుకుని వెనక్కి లాగాడు. స్లాబు హెల్పరు పక్కన పడింది. నేను గేటు దగ్గర లారీ వాడితో మాట్లాడుతున్నాను. అరుపు విని పరుగెత్తేసరికి కుర్రాడు ప్లాట్‌ఫారం మీద కూలబడి రొప్పుతున్నాడు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముకలు బాగానే ఉన్నాయి. పక్కటెముకల మీద మూరెడు కమిలిన గీత పడింది.

ఎవరిది తప్పు

ఆ సాయంత్రం నేను చేసిన మొదటి పని వాడిని తిట్టడం. హుక్కు ఎందుకు తీశావని. రెండోది హెల్పరును తిట్టడం. పైన మనుషులుండగా ఎందుకు తోశావని. నిర్లక్ష్యం అని రాసి సంతకం పెట్టేస్తే నా రిపోర్టు అయిపోయేది. హెల్పరు మాత్రం ఒక మాట అన్నాడు: "హుక్కు తీశాడు కదా సార్, అందుకే తోశాను."

మొదట అర్థం కాలేదు. మేస్త్రీని విడిగా కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది. నియమం ప్రకారం స్కాఫోల్డింగు జరపాలంటే పైవాళ్లు దిగాలి. ఒక్కో చోట ఉండేది మూడు నాలుగు స్లాబుల పనే. రోజుకు పాతికసార్లు దిగి ఎక్కాలంటే ఎవరికి ఓపిక? అందుకని వాళ్లలో వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పైన లైఫ్‌లైన్‌కు హుక్కు ఉండగా తోస్తే హార్నెసే మనిషిని వెనక్కి లాగి పడేస్తుంది. అందుకని ముందు హుక్కు తీస్తారు. హుక్కు వేలాడుతూ కనబడితే కిందవాడు బ్రేకు వదిలి తోస్తాడు. మాట అక్కర్లేదు, ఆ చప్పుడులో వినబడదు కూడా. మేం రక్షణకు ఇచ్చిన హుక్కు వాళ్లకు సైగ అయింది. ఎనిమిది రోజులు అది బాగానే నడిచింది. తొమ్మిదో రోజు కుర్రాడు వేరే కారణానికి హుక్కు తీశాడు.

ఆ కారణం దురద. "మెడ మీద గండుచీమలు పాకినట్టుంది సార్. పట్టీ రాసుకున్నప్పుడల్లా కత్తితో గీసినట్టు" అన్నాడు. సాకు అనుకున్నాను. మర్నాడు పొద్దున్న నేనే వాడి హార్నెస్ వేసుకుని, మేస్త్రీతో పైకెక్కి స్లాబులు దూర్చాను. గంట అనుకున్నది నలభై నిమిషాలకే దిగిపోయాను. పొడి చెమటకు అంటుకుంటుంది. దాని మీద నైలాన్ పట్టీ బిగుసుకుని ఉంటుంది. చేయి పైకెత్తిన ప్రతిసారీ పట్టీ ఆ పొడిని చర్మంలోకి రుద్దుతుంది. కళ్లద్దాలు ఆవిరి పట్టి కనబడవు. మాస్కు తడిసి ముక్కుకు అతుక్కుంటుంది. ఆ స్థితిలో మనిషి మొదట వదిలించుకోవాలనుకునేది మనం రక్షణ కోసం తగిలించినవాటినే. పదహారేళ్లలో నేను వేల స్లాబులు పెట్టించాను. వరుసగా అరగంటైనా స్వయంగా పెట్టింది అదే మొదటిసారి.

ఈ దురద అలర్జీ కాదు. ఊలులోని లావుపాటి పోగులు చర్మానికి గుచ్చుకోవడం వల్ల వచ్చే మంట. కడిగితే పోతుంది. ఊపిరితిత్తులకు ఏమవుతుందో అని కుర్రాళ్లకు వాట్సాప్‌లో చూసిన భయాలు ఉన్నాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2001లో ఈ రాక్‌వుల్, గ్లాస్‌వుల్ ఇన్సులేషన్లను సమీక్షించి, క్యాన్సర్ కారకాలని చెప్పడానికి ఆధారాలు చాలవని మూడో గ్రూపులో పెట్టింది. ఆస్బెస్టాస్ ఉన్నది మొదటి గ్రూపులో, అంటే క్యాన్సర్ తెస్తుందని రుజువైనవాటిలో. అంతమాత్రాన ఊలు పొడి పీల్చొచ్చని కాదు. గొంతు గరగర, దగ్గు తప్పవు, మాస్కు ఉండాల్సిందే. కానీ ఇదే కుర్రాళ్లు వెనక షెడ్డు సిమెంట్ రేకుకు డ్రిల్లు పెట్టబోతుంటే నేను పరుగెత్తి ఆపాల్సి వచ్చింది. అందులో ఉన్నది ఆస్బెస్టాసే. అది దురద పెట్టదు. దాని జబ్బు ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అందుకే దానికి ఎవరూ భయపడరు.

ఏం మార్చాం

పని రెండు రోజులు ఆపాం. ఓనర్ గారు ఒప్పుకోలేదు. "చిన్న దెబ్బే కదా, శ్రావణం ముంచుకొస్తోంది" అన్నారు. ఆ రోజులు కలిసొచ్చేలా చేస్తానని మాటిచ్చాను. నిజం చెప్పాలంటే అప్పటికి ఎలా చేయాలో నాకే తెలియదు.

మొదట కోత సంగతి. తలపైన కోయడం పూర్తిగా ఆపేశాం. అసలు తప్పు మా వరుసలోనే ఉంది. ఫ్రేమంతా కట్టేసి, ఆ తర్వాత ఊలు దూర్చమంటే కోయక ఏం చేస్తారు? బీహార్ జట్టు మేస్త్రీతో కూర్చుని పద్ధతి మార్చాం. ఒక వరుస సెక్షన్లు బిగించగానే తెరిచి ఉన్న వైపు నుంచి ఆ వరుస ఊలు పరిచేయాలి, ఆ తర్వాతే పక్క వరుస సెక్షన్లు. స్లాబు బల్ల మీద పెట్టినట్టు పక్క నుంచి జారి కూర్చుంటుంది. దూర్చడం, విరవడం లేవు. ఆ మేస్త్రీ మొదట మూతి ముడిచాడు. "దో దిన్ కా కామ్ చార్ దిన్ హోగా" (రెండు రోజుల పని నాలుగు రోజులవుతుంది) అన్నాడు. రెండో రోజు సాయంత్రానికి ఆయన జట్టే ఊలు తొందరగా తెమ్మని కేకలు వేస్తోంది.

గోడ అంచుల్లో కోత తప్పదు. దానికి నేల మీద ఒక మూల కేటాయించాం. కొలతలు పైనుంచి చెబితే కింద ఒక్కడే కోస్తాడు. రంపం బదులు పళ్లున్న పొడవాటి కత్తి వాడాం, ఒక్క లాగులో తెగుతుంది, పొడి తక్కువ. నేల ముందే తడిపి ఉంచి, చెత్తను తడిగానే ఎత్తి గోనెసంచిలో కట్టేయడం. చీపురుతో పొడిగా ఊడ్చడం బంద్. ఇంకో తమాషా ఉంది. ఉక్కపోతకు కుర్రాళ్లు కోసే చోట పెడస్టల్ ఫ్యాన్ పెట్టుకునేవారు. వాళ్లకు గాలి తగిలేది, వాళ్ల పొడి హాలంతా చేరేది. ఫ్యాన్‌ను తిప్పి కిటికీ వైపు పెట్టించాం. అది ఇప్పుడు పొడిని బయటికి నెడుతుంది.

స్లాబులు మార్చాం. మిగిలిన సరుకంతా రెండు వైపులా నల్ల గ్లాస్ టిష్యూ (గాజు పోగుల పల్చటి పొర) అంటించినది తెప్పించాం. సరుకు ఖరీదు కొంత పెరిగింది. పల్చటి పాలిథిన్ సంచుల్లో వేసిన స్లాబులు చవగ్గా వస్తాయి, చాలామంది అవే వాడతారు. మంట గురించి ఓనర్‌కు అంత చెప్పి, నేనే సీలింగు మీద పాలిథిన్ పరచడం నాకు నచ్చలేదు.

బట్టలు. బిగుతు టీషర్టు వేసుకుని వచ్చేవాళ్లకు వదులుగా ఉండే ఫుల్‌హ్యాండ్స్ కాటన్ షర్టులు, మనిషికి రెండు. గ్లవ్స్ లోపలికి చేతి మడత దూర్చాలి. మెడకు పల్చటి తువ్వాలు చుట్టి, దాని మీద హార్నెస్. పట్టీకి చర్మానికి మధ్య బట్ట ఉంటే సగం బాధ అక్కడే పోయింది. ఇంతకుముందు కొందరు పొద్దున్నే కొబ్బరినూనె రాసుకుని వచ్చేవారు, దురద పెట్టదని. పొడి దానికే ఇంకా బాగా అంటుకునేది. గేటు పక్కన రెండు కుళాయిలు పెట్టించాం. దిగగానే రుద్దకుండా చన్నీళ్లు ధారగా పోసుకోవాలి, ఆ తర్వాత సబ్బు. తువ్వాలుతో తుడిచాక కడిగితే పోగులు ఇంకా లోపలికి దిగుతాయి. పని బట్టలు ఇక్కడే ఉతకడం. వాటిని ఇంటికి తీసుకెళ్లి పిల్లల బట్టలతో కలిపి నానబెడితే ఆ పిల్లలకూ దురదే. ఈ మాట చెప్పినప్పుడు ఒకడు వెంటనే తలెత్తి చూశాడు. వాళ్ల పాపకు వారం రోజులుగా ఒళ్లు దద్దుర్లట. డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లారట.

ఇక స్కాఫోల్డింగు. సైగల పద్ధతి తిట్టి మాన్పిస్తే నాలుగు రోజులు మానతారు. దిగి ఎక్కే బాధ తప్పించాలి. కరెంటుతో నడిచే సిజర్ లిఫ్ట్ (కత్తెరలా విచ్చుకుని మనిషి నిలబడే బుట్టను పైకి లేపేది) ఒకటి అద్దెకు తెచ్చాం. నేల చదునుగా ఉంది, కింద సెల్లార్ లేదు, కాబట్టి దాని బరువుకు భయం లేదు. అద్దె మా జేబులోంచే. నడిపేది కంపెనీ నుంచి వచ్చిన ఆపరేటరే, మావాళ్లు మీట ముట్టుకోకూడదు. జరపాలంటే బుట్ట కిందికి దిగుతుంది, మళ్లీ లేస్తుంది. మనిషి మెట్లెక్కే పని లేదు. వేదిక వైపు లిఫ్ట్ వెళ్లని చోట మాత్రం చక్రాల స్కాఫోల్డింగు ఉంచాం. అక్కడ నియమం ఒక్కటే: నేల మీద రెండు జతల కాళ్లు లెక్కపెట్టాకే హెల్పరు బ్రేకు వదలాలి. హుక్కు ఉందా లేదా అనేది చూడనే కూడదు.

మొత్తం మీద రోజుకు పెట్టే ఊలు దాదాపు రెట్టింపయింది. పోయిన రెండు రోజులు వారంలోనే తిరిగొచ్చాయి. నేను ఓనర్ గారికి ఇచ్చిన మాట నిలబడింది గానీ, ఆ ఘనత నా ప్లానుకు కాదు. పైన కోయడం ఎంత సమయం తింటోందో అంతవరకు నేను చూడలేదు.

కళ్లద్దాల విషయంలో మాత్రం ఓడిపోయాను. మూడు రకాలు తెచ్చాను. అన్నీ ఆవిరి పట్టాయి. చివరికి తలపైన పని చేసేవాళ్లకు, కోసేవాడికి తప్పనిసరి చేసి, మిగతావాళ్లను చూసీ చూడనట్టు వదిలేశాను. ఒకడి కంట్లో పోగు పడింది. రుద్దకుండా కడిగించి, కంటి డాక్టరు దగ్గరికి పంపాం.

గమ్ము, వాన, కరెంటు

బట్ట ప్యానెళ్లు గోడకు అంటించడానికి మేం మామూలుగా వాడేది పసుపు రంగు రబ్బర్ గమ్. డబ్బా మూత తీస్తే హాలంతా వాసన. అందులో ఉండేది టోలుయిన్. నాలుగు డిగ్రీల చల్లదనంలోనే నిప్పు రవ్వకు అంటుకునేంత ఆవిరి దానికి వస్తుంది. హైదరాబాద్ ఎండకు ఇక చెప్పేదేముంది! ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంబడి పాకుతుంది. హాలుకు అటు చివర జీఐ చానళ్లు కోసే కటాఫ్ మెషిన్ రవ్వలు చిమ్ముతోంది. వాన జల్లు వస్తోందని షట్టర్లు దించేశారు. ఒక కుర్రాడు తల తిరుగుతోందని కూర్చుండిపోయాడు. వాడి ముఖానికి ఎన్95 మాస్కు శుభ్రంగా ఉంది. ఆ మాస్కు పొడిని ఆపుతుంది, గమ్ము ఆవిరిని ఆపదు. ఇది తెలియక మాస్కు ఉంది కదా అని గంటలకొద్దీ ఆ వాసనలోనే కూర్చునేవాళ్లు మా రంగంలో ఎందరో.

షట్టర్లన్నీ ఎత్తించి, మెషిన్ ఆపించి, ఆ రోజుకు గమ్ము పని బంద్. మర్నాటి నుంచి ప్యానెళ్లను స్క్రూలతో బిగించే క్లిప్పుల మీద తగిలించాం. గమ్ము కావాల్సింది ప్యానెల్‌కు బట్ట చుట్టడానికి మాత్రమే, అది బయట తెరిచి ఉన్న షెడ్డు కింద, కోత మెషిన్ నడవని వేళల్లో. క్లిప్పుల వల్ల తర్వాత ఒక లాభం తెలిసింది. పులిహోర చెయ్యి పడ్డ ప్యానెల్ ఒక్కటి తీసి ఉతికించుకోవచ్చు.

పద్దెనిమిదో రోజు రాత్రి పెద్ద వాన. పొద్దున్నే వచ్చి చూస్తే ఒక మూల సీలింగు కిందికి ఉబ్బి ఉంది. బోర్డు విప్పి స్లాబు తీసి తూకం వేశాం. పొడిగా ఉన్నప్పుడు రెండున్నర కిలోలు కూడా లేనిది పది దాటింది. రేకు జాయింటులో లీకు. ఊలు పెట్టకముందే రేకు మీద నీళ్లు కొట్టి పరీక్షించాలి, పరీక్షించాం కూడా. పైపుతో కొట్టిన నీళ్లు నిలువుగా పడతాయి, గాలివాన పక్క నుంచి కొడుతుంది. తడిసిన పదకొండు స్లాబులూ పారేశాం. ఆరబెట్టి వాడదామన్నారు ఓనర్ గారు. తడిసి అణిగిన ఊలు మళ్లీ లేవదు.

అక్కడితో అయిపోలేదు. మాతో చెప్పకుండా ఆయన తనకు తెలిసిన మేస్త్రీని లీకు చూడమని పైకి పంపారు. అతను దగ్గరి దారి అని వెనక షెడ్డు సిమెంట్ రేకుల మీదుగా నడవబోయాడు. మా వాచ్‌మన్ చూసి కేకేశాడు. పాత సిమెంట్ రేకు చూడటానికి రాయిలా ఉంటుంది, అడుగేస్తే అప్పడంలా విరుగుతుంది. హెచ్చరికా ఉండదు, చప్పుడూ రాదు. పడేది కింద గ్రానైట్ మీద. ఆ రోజే ఆ షెడ్డుకు నిచ్చెన వేసే చోట ముళ్లకంచె కట్టించాను. బోర్డు పెట్టి లాభం లేదు. షెడ్డు లోపలి సీలింగు కూడా రేకుకు ఒక్క చిల్లు పెట్టకుండా, గోడల నుంచే ఫ్రేము తీసుకుని కట్టాం.

కరెంటు గురించి ఒక్క ముక్క. జీఐ స్టడ్ (ఫ్రేములోని నిలువు పట్టీ) అంచు బ్లేడులా ఉంటుంది. దాని మీదుగా లాగిన డ్రిల్లు వైరు తెగి, ఫ్రేమంతా కరెంటు పారింది. ముట్టుకున్నవాడికి జివ్వుమని ఒక్క క్షణం, అంతలో 30 మిల్లీఆంపుల ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చి) ట్రిప్పయింది. అది పెట్టించడానికి ఎలక్ట్రీషియన్‌తో మొదటి రోజు గంటసేపు వాదించాను. అది లేకపోతే ఈ కేసు వేరేలా రాయాల్సి వచ్చేది.

చివరి లెక్క

శ్రావణం మొదటి పెళ్లికి నాలుగు రోజుల ముందు తాళాలు ఇచ్చేశాం. అదే డీజే, అదే వాల్యూమ్. ప్రహరీ దగ్గర 59. పగటి పరిమితిలో పడింది. రాత్రి పది దాటితే సరిహద్దు దగ్గర 50 లోపు ఉండాలి, అంత మేం తేలేకపోయాం. తలుపులు తెరిచినప్పుడల్లా చప్పుడు బయటికి కారుతోంది. రెండు తలుపుల మధ్య గది కట్టాలంటే పార్కింగ్ పోతుందని ఓనర్ గారు వద్దన్నారు. పదింటికి డీజే ఆపాలని ఇప్పుడు బుకింగ్ కాగితం మీదే రాసిస్తున్నారు.

షర్టులు, తువ్వాళ్లు, కుళాయిలు, మాస్కులు, లిఫ్ట్ అద్దె, టిష్యూ స్లాబుల అదనపు ధర అన్నీ కలిపితే మా లాభంలోంచి పోయింది తక్కువేం కాదు. తర్వాతి కొటేషన్ నుంచి అవి విడి పద్దులుగా వేస్తున్నాను. సగం మంది కొట్టేయమంటారు. కొట్టేసిన చోట రెండు పనులు వదులుకున్నాను కూడా.

కుర్రాడు వారం తర్వాత పనిలోకి వచ్చాడు. కింద కోత మూల వాడికే ఇచ్చాం. ఇప్పుడు మా దగ్గర కొలత తప్పకుండా కోసేవాడు వాడే.

సర్దుకుని వెళ్లే రోజు పదిహేను స్లాబులు, బోర్డు ముక్కలు మిగిలాయి. వాచ్‌మన్ మొహమాటపడుతూ వచ్చి, "సార్, మా గది మీద వేసుకుంటా, ఎండాకాలం పిల్లలు పడుకోలేకపోతున్నారు" అన్నాడు. ఆయన గదికీ పైన సిమెంట్ రేకులే. ఊలు అలా విప్పి పరిస్తే పొడి మంచాల మీదే పడుతుంది. ఆదివారం నలుగురు కుర్రాళ్లు ఆగిపోయి, గోడ నుంచి గోడకు చానళ్లు వేసి, ఊలు పరిచి, కింద జిప్సం ముక్కలు బిగించి, సందులన్నీ టేపు వేశారు. రేకుకు ఒక్క స్క్రూ కూడా తగలనివ్వలేదు. వాళ్లావిడ అందరికీ చేపల పులుసుతో అన్నం పెట్టింది.